పరీక్షలు ఆపేశాక లెక్కలతో నా పదేళ్లు

కాస్టింగు (తయారీ ఖర్చుల లెక్కలు) పేపరులో 37 మార్కులు వచ్చాయి. 40 కావాలి.

2016 మొదట్లో సీఏ కోర్సులో రెండో మెట్టు అయిన ఐపీసీసీ ఫలితాలు వచ్చిన రోజు అది. మొదటి గ్రూపు రాయడం అది మూడోసారి. ఒక్కో పేపరులో కనీసం 40, నాలుగు పేపర్లకూ కలిపి 200 రావాలి. మొత్తం 200 దాటాయి. అకౌంటింగులో 68 వచ్చాయి. మూడుసార్లూ నన్ను ఆపింది కాస్టింగు ఒక్కటే. ఇంటికి వచ్చిన చుట్టాలు "మూడు మార్కులే కదా, ఇంకోసారి రాస్తే వచ్చేస్తుంది" అన్నారు. మొదటిసారి తప్పినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను, రెండోసారి కూడా. ఆ మాట పట్టుకునే బీకాం అయిపోయాక ఏడాదిన్నర ఇంట్లో కూర్చున్నాను.

ఆ రాత్రి కోచింగు ఫీజులు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, పోయిన నెలలు అన్నీ ఒక కాగితం మీద వేసుకుని చూశాను. డబ్బు కంటే నెలల లెక్క భయపెట్టింది. సీఏ, సీఎంఏ, బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్ ఏవీ రాయకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. లెక్కలంటే ఇష్టం మాత్రం పోలేదు. బీకాం పట్టాతో లెక్కల పనిలోనే ఎంత దూరం వెళ్లగలనో చూడాలనుకున్నాను. పదేళ్లలో వెళ్లిన దూరం, ఆగిపోయిన చోట్లు రెండూ చెబుతాను. నేను ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఇలా చెప్పేవాళ్లు ఎవరూ దొరకలేదు.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తా. డిగ్రీ లేదు. రోజువారీ పద్దుల పుస్తకం, అంటే చిట్టా రాసేవారు, చిట్టాలోంచి ఖాతాల వారీ పుస్తకం ఆవర్జాకు పద్దులు ఎక్కించేవారు. జనవరి చివర నుంచి వేసవి దాకా యార్డు నిండా తేజ, 334, 341 రకాల మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగే రోజుల్లో రాత్రి పదకొండు దాటేది ఇంటికి వచ్చేసరికి. రైతుకు ఇవ్వాల్సింది, వ్యాపారి నుంచి రావాల్సింది, హమాలీ, కమిషను అన్నీ పోను చేతిలో నిల్వ సరిపోతేనే పెట్టెకు తాళం వేసేవారు. ఫలితాలు వచ్చిన మర్నాడు ఆయన నన్ను ఓదార్చలేదు. ఆవర్జా ముందు పెట్టి, "270 తేడా వస్తోంది, చూడమ్మా" అన్నారు.

గంటసేపు వెతికాను. దొరకలేదు. అప్పుడు ఆయన చెప్పారు: "తేడాను తొమ్మిదితో భాగించి చూడు. శేషం లేకుండా పోతే ఎక్కడో అంకెలు తారుమారై ఉంటాయి. పోకపోతే తేడాలో సగం ఎంతో చూసి ఆ అంకె కోసం వెతుకు, జమలో పడాల్సింది ఖర్చులో పడి ఉంటుంది." 5,850 ఉండాల్సిన చోట 5,580 ఉంది. ఇంటర్ నుంచి ఐపీసీసీ దాకా ఆరేళ్లకు పైగా అకౌంట్లు చదివాను. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

మొదటి ఉద్యోగం బ్రాడీపేటలో ఒక ఆడిటరు గారి ఆఫీసులో. నెలకు 6,000. గ్రూపు పాసై ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేస్తున్న పిల్లలు ముందు గదిలో, నాలాంటి వాళ్లం లోపలి గదిలో. బస్తాల్లో వచ్చే బిల్లులను తేదీల వారీగా పేర్చడం, ట్యాలీలో ఎక్కించడం, ప్రతి నెలా 20 లోపు వ్యాట్ (అప్పటి అమ్మకపు పన్ను) రిటర్ను ఫారం 200 నింపడం నా పని. పెట్రోలు బంకు, మందుల షాపు, ఎరువుల డీలరు, కోల్డ్ స్టోరేజీ అన్నింటి లెక్కలూ నా చేతుల మీదుగా వెళ్లాయి. జీతం తక్కువ, నిజమే. కానీ ఒకే గదిలో కూర్చుని నలభై రకాల వ్యాపారాల పుస్తకాలు చూసే వీలు ఇంకెక్కడా దొరకదు. కొత్తగా బీకాం పాసైన వాళ్లు నన్ను అడిగితే, ఇంట్లో వెసులుబాటు ఉంటే మొదటి ఏడాది, రెండేళ్లు ఇలాంటి ఆఫీసులోనే గడపమని చెబుతాను. ఎక్కువ జీతంతో మొదలుపెట్టి ఒకే రకం బిల్లు వేలసార్లు ఎక్కించిన స్నేహితులను కూడా చూశాను కాబట్టే ఈ మాట చెబుతున్నాను.

2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. నా జీవితంలో పెద్ద మలుపు ఏదంటే అదే.

అంతకు ముందు ఆ ఆఫీసులో ఎవరికి ఎంత తెలుసన్నది చదువును బట్టి తేలిపోయేది. ఆ జులైలో మాత్రం ఆడిటరు గారి దగ్గర నుంచి ఆఫీసు బాయ్ దాకా అందరం కొత్తవాళ్లమే. చట్టం కొత్త, ఫారాలు కొత్త, పోర్టల్ కొత్త. తొలి 3బీ (నెలవారీ జీఎస్టీ రిటర్ను) గడువు ఆగస్టు 20 అన్నారు. సరిగ్గా గడువు ముందు పోర్టల్ మొరాయించింది, 25కు పెంచారు. ఆ వారం రోజులూ రాత్రి ఒంటిగంటకు పోర్టల్ తేలిగ్గా తెరుచుకుంటుందని కనిపెట్టి, నాన్నను తోడు తీసుకుని ఆఫీసుకు వెళ్లేదాన్ని. నోటిఫికేషన్లు ప్రింటు తీసి బస్సులో చదివేదాన్ని. మార్కుల కోసం చదివినప్పుడు బుర్రకెక్కని పన్ను పాఠం, ఎదురుగా కూర్చున్న ఎరువుల డీలరు "నా పాత స్టాకు మీద కట్టిన పన్ను ఏమవుతుంది?" అని అడిగినప్పుడు ఇట్టే ఎక్కింది. అక్టోబరు వచ్చేసరికి ముందు గదిలోని ఆర్టికల్ పిల్లలు నన్ను అడిగి రిటర్నులు వేస్తున్నారు. జీతం 9,000 అయింది.

2018లో గుంటూరు దగ్గర పత్తి నుంచి గింజలు వేరు చేసే ఒక జిన్నింగు మిల్లులో అకౌంటెంటుగా చేరాను, 15,000 జీతానికి. అక్కడ అకౌంట్ల విభాగమంటే నేనే. రోజూ క్యాష్ పుస్తకం, రైతుల దగ్గర కొన్న పత్తికి రివర్స్ చార్జి కింద మిల్లే కట్టాల్సిన పన్ను, 7వ తేదీలోపు టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన పన్ను), 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 15లోపు పీఎఫ్, ఈఎస్ఐ, 20న 3బీ. నెలలో మొదటి 20 రోజులు గడువుల మీదే గడిచేవి.

వీటన్నింటి కంటే నాకు ఎక్కువ నేర్పింది బ్యాంకుకు పంపే స్టాక్ స్టేట్‌మెంటు. మిల్లుకు సీసీ లిమిట్, అంటే సరుకును బట్టి బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి, ఉండేది. గోడౌన్లో ఉన్న పత్తి, బేళ్లు (నొక్కి కట్టిన దూది మూటలు), గింజల విలువ కట్టి, అందులోంచి ఇంకా డబ్బు చెల్లించని సరుకు తీసేసి, మిగిలిన దానిలో 25 శాతం మార్జిను పోతే వచ్చేది ఆ నెల వాడుకోగల సొమ్ము. సీజన్లో ధర పడిపోతే గోడౌన్ నిండా సరుకున్నా వాడుకోగల సొమ్ము తగ్గిపోయేది. యజమాని పత్తి కొనాలా, ఆగాలా అన్నది నేను ఇచ్చిన అంకె మీద ఆధారపడేది. కాస్టింగు పేపరులో నన్ను మూడుసార్లు ఓడించిన వర్కింగ్ క్యాపిటల్ (వ్యాపారం నడవడానికి చేతిలో ఉండాల్సిన సొమ్ము) పాఠం ఇదేనని గ్రహించిన రోజున నా మనసులో ఏదో బరువు దిగింది.

ఆ మిల్లులోనే నా పెద్ద తప్పు కూడా జరిగింది. మా దగ్గర బేళ్లు కొనే ఒక కంపెనీకి రెండు రాష్ట్రాల్లోనూ స్పిన్నింగు మిల్లులు ఉండేవి. పాన్ ఒకటే కాబట్టి రెండు జీఎస్టీ నంబర్లూ మొదటి రెండంకెలూ, చివరి అంకె తప్ప చూడటానికి ఒకేలా ఉంటాయి. 37 అంటే ఆంధ్రప్రదేశ్, 36 అంటే తెలంగాణ. ఆర్డరు తెలంగాణ మిల్లుది. నేను 37 నంబరు మీద బిల్లు వేసి, వేరే రాష్ట్రానికి అమ్మితే పడే ఐజీఎస్టీ వేయాల్సిన చోట సొంత రాష్ట్రంలో అమ్మితే పడే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేశాను. వంద బేళ్ల లోడు. పన్నే లక్ష రూపాయల పైమాట. మూడు నెలల తర్వాత వాళ్ల అకౌంట్స్ నుంచి ఫోను వచ్చింది, మేం కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే క్రెడిట్ కనిపించడం లేదు, ఆ మేరకు డబ్బు ఆపేశామని.

చేతులు చల్లబడ్డాయి. సరిదిద్దే దారి చట్టంలో ఉంది. బిల్లును సవరించి చూపాలి, ఐజీఎస్టీ కొత్తగా కట్టాలి, తప్పు పద్దు కింద కట్టిన పన్నును రిఫండు అడగాలి. ఇలాంటి పొరపాటుకు వడ్డీ పడదు. కానీ లక్ష రూపాయలు మళ్లీ కట్టాల్సింది యజమాని. ఆయన గదిలోకి వెళ్లి మొత్తం చెప్పాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "ఎలా జరిగిందో కాగితం మీద రాసి తీసుకురా అమ్మా, మళ్లీ జరగకుండా ఏం చేస్తావో అదీ రాయి" అన్నారు. రిఫండు రావడానికి నెలలు పట్టింది. ఆనాటి నుంచి ఈనాటి వరకూ ఏ బిల్లు ముందుకొచ్చినా మొదటి రెండంకెలు పైకి చదివి గాని సంతకానికి పంపను.

2021లో హైదరాబాదు వచ్చాను. రాగానే అమీర్‌పేటలో రెండు నెలలు పెద్ద కంపెనీలు వాడే ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. అక్కడ నాకు ఒక కన్సల్టెన్సీ వాళ్లు తగిలారు. అయిదేళ్ల అనుభవం ఉన్నట్టు పత్రాలు ఇస్తాం, పెద్ద కంపెనీలో చేర్పిస్తామన్నారు. నాతో పాటు నేర్చుకున్న ఇద్దరు డబ్బు కట్టారు. ఒకరికి ఉద్యోగం వచ్చింది కూడా. చేరిన రెండో నెలలో పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్) మీద చరిత్ర తీసి చూశారు. పత్రంలో ఉన్న కంపెనీ నుంచి ఒక్క నెల పీఎఫ్ కూడా జమ కాలేదని తేలింది. ఆ సాయంత్రమే పంపించేశారు. నా దగ్గర ఉన్నది చిన్న మిల్లు అనుభవమే. కానీ ప్రతి నెలా పీఎఫ్ పడింది, ఆ చలాన్లు నేనే కట్టాను.

గచ్చిబౌలిలో ఒక విదేశీ కంపెనీ షేర్డ్ సర్వీసెస్ కేంద్రంలో, అంటే కంపెనీ శాఖల లెక్కల పని ఒకేచోట చేసే ఆఫీసులో ఇంటర్వ్యూ. సీఏ ఎందుకు పూర్తి చేయలేదని అడుగుతారని రాత్రంతా సమాధానం తయారు చేసుకున్నాను. వాళ్లు ఆ ఊసే ఎత్తలేదు. "ట్రయల్ బ్యాలెన్సులో 27,000 తేడా వచ్చింది. మొదట ఏం చేస్తారు?" అని అడిగారు. తొమ్మిదితో భాగిస్తాను, 3,000 వస్తుంది కాబట్టి అంకెలు తారుమారైన పద్దు కోసం చూస్తాను, దొరక్కపోతే 13,500 ఎక్కడైనా తప్పు వైపు పడిందేమో చూస్తాను అన్నాను. ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు. మా నాన్న దగ్గర, మిర్చి యార్డులో అని చెప్పాను. ఆ మాట చెబుతుంటే నాకు కలిగిన గర్వం ఏ మార్కుల జాబితా చూసినా కలగలేదు.

సరఫరాదారుల చెల్లింపులు చూసే అకౌంట్స్ పేయబుల్‌లో వేశారు. చేతికి 28,000. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పది దాకా పని, తర్వాత క్యాబులో హాస్టలుకు. కొనుగోలు ఆర్డరు, సరుకు అందిన రసీదు, సరఫరాదారు బిల్లు మూడూ సరిపోతేనే చెల్లింపు. సరిపోని బిల్లులు నా వరుసలోకి వస్తాయి. ధర తేడానా, పరిమాణం తేడానా, సరుకే రాలేదా, అదే బిల్లు నంబరులో ఒక గీత తగ్గించి రెండోసారి పంపారా అన్నది తేల్చాలి. సరిపోయే బిల్లులను అప్పటికే సాఫ్ట్‌వేర్ చదివి తనే ఎక్కించేస్తోంది. మా జట్టులో బిల్లులు ఎక్కించే పనికి కొత్తవాళ్లను తీసుకోవడం నా కళ్ల ముందే ఆగిపోయింది. టైపు చేయడం వచ్చు కాబట్టి ఉద్యోగం దొరుకుతుందని అనుకునే రోజులు పోయాయని చెప్పక తప్పదు. తేడా ఎందుకు వచ్చిందో పట్టుకుని, అవతలి వాళ్లకు నాలుగు వాక్యాల్లో రాసి చెప్పగలిగే మనిషికి పని ఉంది. ఇంగ్లీషులో ఆ నాలుగు వాక్యాలు రాయడానికి నేను కష్టపడ్డాను. పంపిన ప్రతి మెయిలునూ మర్నాడు ఉదయం మళ్లీ చదివి దిద్దుకునేదాన్ని.

అక్కడి పనిలో పెద్ద చిక్కు, ముక్కే తప్ప మొత్తం కనిపించకపోవడం. మూడేళ్లుగా సరఫరాదారుల బిల్లులు మాత్రమే చూసిన సహోద్యోగికి బ్యాలెన్స్ షీటు చూపిస్తే తడబడింది. తెలివి తక్కువై కాదు, ఆమెకు ఎవరూ మొత్తం పుస్తకం చూపించలేదు. మిల్లులో మొత్తం పుస్తకాలు ఒంటిచేత్తో మూసిన అలవాటు ఉండటం వల్ల ఏడాదికి నన్ను నెలాఖరు ముగింపు చూసే జట్టులోకి మార్చారు. రావాల్సిన బిల్లులకు ముందే ఏర్పాటు పద్దు వేయడం, ముందే చెల్లించిన ఖర్చులను నెలలకు పంచడం, ఖాతా ఖాతాకు వివరణ రాయడం, అన్నీ మొదటి మూడు పనిదినాల్లో పూర్తి కావాలి. ఆ మూడు రోజులూ నిద్ర తక్కువే. కానీ నాకు బాగా నచ్చిన పని ఇదే.

పరీక్ష లేని దారులు ఇవి మాత్రమే కావు. నాతో బీకాం చదివిన ఒకామె జీతాల లెక్కలు చూసే పేరోల్‌లో స్థిరపడింది. ఈఎస్ఐకి 21,000 జీతపు పరిమితి, ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం, 20,000 దాటితే నెలకు 200 వృత్తి పన్ను, జూన్ 15లోపు ఫారం 16 ఇవన్నీ ఆమెకు వేళ్ల మీద ఉంటాయి. ఇంకొకతను అమెరికాలోని మనవాళ్ల పన్ను రిటర్నులు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తాడు. జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా రాత్రిళ్లు ఊపిరాడదు, తర్వాత ఊరట. ఆ తయారీ పనికి పరీక్ష అక్కర్లేదు. అమెరికా పన్ను శాఖ గుర్తింపు ఉన్న ఎన్రోల్డ్ ఏజెంటుగా పైకి వెళ్లాలంటే మాత్రం మూడు భాగాల పరీక్ష ఉంది. మరొకతను సొంత ఊళ్లో కిరాణా, హార్డ్‌వేర్ షాపులకు జీఎస్టీ రిటర్నులు వేస్తున్నాడు. బీకాం ఉంటే చాలని జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదు చేసుకున్నాడు. నమోదైన రెండేళ్లలో కేంద్ర పరోక్ష పన్నుల శిక్షణ సంస్థ నాసిన్ నిర్వహించే పరీక్ష పాసవ్వాలని తర్వాత తెలిసింది. రాశాడు, పాసయ్యాడు. పరీక్షే వద్దనుకునే వాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది.

తెరుచుకోని తలుపుల గురించి కూడా దాచకుండా చెబుతాను. కంపెనీల చట్టబద్ధ ఆడిట్ మీద, ట్యాక్స్ ఆడిట్ నివేదిక మీద సంతకం చేసే హక్కు సీఏకే ఉంది. ఎన్నేళ్ల అనుభవమున్నా నాకు రాదు. ప్రభుత్వ ఉద్యోగాలు చాలావరకు పరీక్ష దాటాకే. 2024లో మా జట్టు మేనేజరు పదవి ఖాళీ అయింది. ఆ పని ఆరు నెలలుగా చేస్తున్నది నేనే. ప్రకటనలో సీఏ లేదా సీఎంఏ తప్పనిసరి అని రాశారు. ఆ రోజు క్యాబులో ఏడ్చాను. ఆ 37 మార్కులు మళ్లీ గుర్తొచ్చాయి. రెండు రాత్రులు సీఏ ఇంటర్ సిలబస్ తెరిచి చూశాను కూడా. మూడో రోజు మూసేశాను. ఇంకో మూడు నాలుగేళ్లు మళ్లీ ఫలితాల రోజు కోసం బతకడం నాకు ఇష్టం లేదని మరోసారి తేల్చుకున్నాను.

తర్వాత నాలుగు నెలలకు పటాన్‌చెరులో ఒక తయారీ కంపెనీలో అసిస్టెంటు మేనేజరుగా చేరాను. చేతికి 62,000. వాళ్లు అడిగింది మూడే: నెల ముగింపు ఒంటరిగా చేయగలరా, జీఎస్టీ నోటీసుకు జవాబు రాయగలరా, ఆడిటర్లు వచ్చినప్పుడు ప్రతి అంకె వెనకా కాగితం చూపగలరా. నా కింద ఇద్దరు బీకాం పిల్లలు ఉన్నారు. సరఫరాదారుల బిల్లులను 2బీతో, అంటే వాళ్లు వేసిన రిటర్నుల నుంచి జీఎస్టీ పోర్టల్ తయారుచేసే జాబితాతో పోల్చే పని వాళ్లది. 2బీలో కనిపించని క్రెడిట్ 2022 జనవరి నుంచి తీసుకునే వీలు లేదు కాబట్టి, అక్కడ పడిన ప్రతి తేడా నేరుగా కంపెనీ డబ్బే. చేరిన మొదటి వారం ఇద్దరికీ తొమ్మిది లెక్క చెప్పాను.

మా పెదనాన్న మనవరాలు బీకాం పూర్తి చేసింది. సీఏ ఇంటర్ రెండుసార్లు తప్పింది. గుంటూరు నుంచి ఫోను చేసి, "పిన్నీ, మళ్లీ రాయాలా, వద్దా?" అని అడిగింది. ఆ జవాబు నేను చెప్పలేను. వారం రోజులు నా దగ్గర ఉండి పని చూడమని పిలిచాను. వచ్చింది. అప్పటికి నా బల్ల మీద కొత్త ఆదాయపు పన్ను చట్టం ప్రింట్లు ఉన్నాయి. 1961 నాటి చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా చేసిన చట్టం అది. కాంట్రాక్టరుకు 194సీ, వృత్తి రుసుముకు 194జే, అద్దెకు 194ఐ అంటూ ఇన్నేళ్లూ కంఠతా వచ్చిన సెక్షన్లన్నీ కొత్త చట్టంలో 393 కింద పట్టికలుగా చేరాయి. జీతాల టీడీఎస్ 392కు వెళ్లింది. అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాట పోయి ట్యాక్స్ ఇయర్ వచ్చింది.

ఎడమ వైపు పాత సెక్షన్లు, కుడి వైపు కొత్తవి రాసే పట్టిక మొదలుపెట్టాం. మూడో పుట దగ్గర తను ఆగి, "ఇది ఇక్కడ ఎవరికీ తెలియదా పిన్నీ?" అంది. ఇంకా తెలియదు, అందరం ఇప్పుడే చదువుతున్నామని చెప్పాను. కుర్చీ దగ్గరకు లాక్కుని, పెన్ను తీసుకుని అద్దె వరుస తనే రాయడం మొదలుపెట్టింది.